ఎడారి దారిలో కారు వదిలి కదలకు

చిట్టితల్లికి అత్తయ్య ఆశీస్సులు.

స్నేహితులతో జైసల్మేరు దాకా కారులోనే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. హైదరాబాదు నుంచి ఒకవైపే 1,500 కిలోమీటర్లు దాటే దారి! నా మేనకోడలు బయలుదేరుతోందని పక్కింటివాళ్ళకు కూడా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బండి కాగితాలు, స్పేరు టైరు, మందులు మీరే చూసుకుంటారు. డిసెంబరు కదా, ఇసుక పగటి వేడిని ఇట్టే వదిలేస్తుంది, రాత్రికి ఎముకలు కొరికే చలి. స్వెట్టర్లు మరవకండి. చీకటి పడ్డాక నడపొద్దు, ఒంటెలూ పశువులూ రోడ్డు మీదికి వచ్చేస్తాయి.

నా భయమంతా రోడ్డు దిగడం గురించే. మీ నాన్న చేసిన పని నీకెవరూ చెప్పి ఉండరు. నాకు పెళ్ళయిన కొత్తలో మీ మామయ్య, నేను, మీ నాన్న అంబాసిడరులో వెళ్ళాం. జైసల్మేరు దగ్గరి సామ్ ఇసుక దిబ్బలకు పోయే దారిలో ఫోటో కోసమని మీ నాన్న బండిని పక్కకు దించాడు. పైకి గట్టినేలలా ఉంది, లోపలంతా మెత్తటి ఇసుక. చక్రం కూరుకోగానే ఆపాలా వద్దా? వాడు ఇంకా గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కాడు. కారు అడుగు ఇసుకకు ఆనేదాకా తొక్కాడు. అంతటితో ఆగాడా! దూరంగా గుడిసె కనిపిస్తోందని, నీళ్ళ సీసా అయినా తీసుకోకుండా నడిచిపోయాడు. అక్కడ దగ్గరగా కనిపించేదేదీ దగ్గర కాదు తల్లీ. దిబ్బ దాటగానే మనిషి మాయం. నేను కారు మీదికెక్కి పైట ఊపుతూ, గొంతు పోయేలా పిలిచాను. పొద్దు వాలుతుండగా ఒంటెలు కాసే పెద్దాయన వాడిని వెంటబెట్టుకొచ్చాడు. పెదవులు పగిలిపోయి ఉన్నాయి. చెంప పగలగొడదామని వెళ్ళినదాన్ని పట్టుకుని ఏడ్చేశాను.

ఆ పెద్దాయనే టైర్లలో గాలి సగానికి తీయించాడు. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదు. చక్రాల ముందు ఇసుక తవ్వి, గోనెసంచులు పరిచి, మెల్లగా కదిలించమన్నాడు. బయటపడ్డాం. రోడ్డెక్కాక గాలి నింపేదాకా వేగంగా పోకూడదు. కాబట్టి గాలి పంపు, చిన్న పార, గోనెసంచులు, తాగే నీళ్ళకు అదనంగా ఒక క్యాను పెట్టుకోండి. ఏమైనా సరే, కారు వదిలి ఎవరూ కదలకండి. వెతికేవాళ్ళకు మనిషి కంటే కారే ముందు కనబడుతుంది. నీడ కూడా అదే ఇస్తుంది.

ఇంత భయపెట్టి, చూడాల్సినవి చెప్పకపోతే ఎలా? జోధ్‌పూరు దగ్గర ఖేజర్లీలో తప్పకుండా ఆగు. దసరాకు నువ్వు నా చేతిలో పెట్టే జమ్మి ఆకు ఉందే, ఆ చెట్టు కోసమే 1730లో అమృతాదేవితో కలిపి 363 మంది బిష్ణోయీలు, చెట్లనూ జంతువులనూ ప్రాణంలా చూసుకునేవాళ్ళు, అక్కడ ప్రాణాలిచ్చారు. రాజుగారి మనుషులు గొడ్డళ్ళతో వస్తే చెట్లను కావలించుకుని నిలబడ్డారట. జమ్మికాయల కూర పెడతారు, వద్దనకుండా తిను. జైసల్మేరు కోటలో ఒక పూటంతా తిరుగు, హడావుడి పడకు. ఎడారి జాతీయవనంలో బట్టమేక పిట్ట కనబడితే నీ అదృష్టం. మన రోళ్ళపాడు గడ్డినేలల్లో తిరిగిన పక్షే అది, ఇప్పుడు చాలా అరుదైపోయింది. దూరం నుంచే చూడు.

ఆదివారం ఇంటికి రా. కారు నడిపేవాళ్ళను కూడా వెంటబెట్టుకురా. టైరులో గాలి తీసి మళ్ళీ నింపడం నా కళ్ళముందు చేసి చూపిస్తేనే పంపిస్తాను.

మీ అత్తయ్య