ఇల్లు తాకట్టు పెట్టి అమ్మాయిని జియాలజీ ఎమ్మెస్‌కి పంపొచ్చా?

కొత్తగూడెం నుంచి సింగరేణిలో పనిచేసే ఒక అన్న రాశారు. అమ్మాయి బీఎస్సీ జియాలజీ ఫైనలియర్, అమెరికాలో ఎమ్మెస్ చేస్తానంటోంది, కన్సల్టెన్సీ వాళ్లు మొత్తం 45 లక్షలు అవుతుందన్నారు, పీఎఫ్‌లోంచి 10 లక్షలు తీసి మిగతా 35 ఇంటి మీద లోన్ తీసుకుందామని ఆలోచన, రిటైర్మెంట్‌కి ఇంక నాలుగేళ్లే ఉంది. "ఇంత పెట్టొచ్చా, అసలు ఈ రాళ్ల చదువుకి ఉద్యోగాలు ఉంటాయా" అని అడిగారు.

అన్నా, ఉద్యోగాల సంగతి ముందు చెప్తా. మీ గనిలో బొగ్గు ఎంత లోతులో ఉందో, పొర ఎంత మందమో ముందుగా లెక్కగట్టింది జియాలజిస్టే కదా, ఆ పని ఎక్కడికీ పోలేదు. మన హైదరాబాద్‌లోనే చూడండి, బండ్లగూడలో దేశమంతా ఖనిజాల సర్వే చేసే జీఎస్ఐ, ఉప్పల్‌లో భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్జీఆర్ఐ, బేగంపేటలో యురేనియం వెతికే ఏఎండీ, మాసాబ్‌ట్యాంక్‌లో ఇనుప ఖనిజం తవ్వే ఎన్ఎండీసీ హెడ్డాఫీసు. పైగా 2025 జనవరిలో కేంద్రం లిథియం లాంటి కీలక ఖనిజాల కోసం పెట్టిన క్రిటికల్ మినరల్ మిషన్‌కి 16,300 కోట్లు ఓకే చేసింది, 2030-31 లోపు జీఎస్ఐ 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేయాలని అందులో పెట్టారు. కాబట్టి అమ్మాయి తప్పు సబ్జెక్టు ఎంచుకుందని మాత్రం అనుకోకండి. కాకపోతే బీఎస్సీతో ఆగితే లాభం లేదు, మంచి పోస్టులన్నిటికీ పీజీ కావాలి, అందుకే ఖర్చు ఎప్పుడూ ఐదేళ్లకి కలిపి చూసుకోవాలి.

ఇప్పుడు మీ లోన్. 35 లక్షలు, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. సెమిస్టర్‌కి ఇంత అని విడతల్లో తీసుకున్నా, చదివే రెండేళ్లు, ఆ తర్వాత ఈఎంఐ మొదలవకుండా ఇచ్చే ఒక ఏడాది, ఈ మూడేళ్లలో వడ్డీ ఎనిమిది లక్షలు దాటుతుంది, అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకి బాకీ 43 లక్షలు, పదేళ్లకి పెట్టుకుంటే నెలకి 58 వేలు. అమ్మాయికి అక్కడ జాబ్ వస్తే కట్టేస్తుంది, రాకపోతే? అప్పటికి మీకు ఇంక ఒక్క ఏడాది సర్వీసే ఉంటుంది.

కన్సల్టెన్సీ వాళ్లు మీకు అమెరికాలో జియోసైంటిస్టుల జీతం చూపించే ఉంటారు, 2024 ప్రభుత్వ లెక్కల్లో మీడియన్, అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చే జీతం, ఏడాదికి దాదాపు 99 వేల డాలర్లు. నిజమే, కానీ అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు. అక్కడ ఫెడరల్ గవర్నమెంట్ జియాలజీ ఉద్యోగాలకి మామూలుగా సిటిజన్‌షిప్ ఉండాలి, అవి మన పిల్లలకి రావు. ఇంక మిగిలింది ఆయిల్, మైనింగ్, ఎన్విరాన్‌మెంట్ కంపెనీలు, అందులో ఎక్కువ జీతం ఇచ్చే ఆయిల్ ఏమో ముడిచమురు రేటుతో పాటే లేస్తుంది, పడుతుంది. 2014 జూన్‌లో బ్యారెల్ వంద డాలర్ల పైన ఉంది, 2016 మొదట్లో 30 కిందకి పోయింది. నా క్లయింట్ ఒకాయన కొడుకు రేటు బాగున్నప్పుడు పెట్రోలియం జియాలజీలో చేరి సరిగ్గా ఆ పడిపోయిన టైమ్‌లో బయటికొచ్చాడు, బాగా చదివేవాడే, కానీ చివరికి సాఫ్ట్‌వేర్ నేర్చుకుని దాంట్లో సెటిలయ్యాడు, ఆ మధ్యలో ఏడాదిన్నర ఈఎంఐ తండ్రే కట్టాడు, ఆ ఏడాదిన్నర ఆ ఇంట్లో ఎట్లా గడిచిందో నేను దగ్గరుండి చూశాను. చమురు రేటు తగ్గిందని బ్యాంకు ఈఎంఐ తగ్గించదు కదా అన్నా.

అందుకే నా మాట, ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టొద్దు. అమ్మాయి చేత ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం పెట్టే జామ్ ఎగ్జామ్ రాయించండి, ఫిబ్రవరిలో ఉంటుంది, ఫైనలియర్ వాళ్లు రాయొచ్చు. ఐఐటీ బాంబే, ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ లాంటి చోట్ల పీజీ సీటొస్తే హాస్టల్, మెస్ కలిపినా రెండేళ్లకి మహా అయితే రెండు మూడు లక్షలు. రాకపోతే ఆంధ్రా యూనివర్సిటీ, ఉస్మానియా ఉన్నాయి, అవి ఇంకా తక్కువలో అయిపోతాయి. ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ జియోసైంటిస్ట్ ఎగ్జామ్, జీఎస్ఐకీ సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డుకీ దాంట్లోంచే తీసుకుంటారు, బేసిక్ 56,100, డీఏ, హెచ్ఆర్ఏ కలిస్తే లక్ష అటూ ఇటూ వస్తుంది. ఓఎన్జీసీలో ఆఫీసర్‌గా చేరే ఈ1 గ్రేడ్ అయితే బేసిక్కే 60,000.

ఇందులోనూ రిస్క్ ఉంది, దాచను. యూపీఎస్సీ పోస్టులు 2023లో 285 ఇచ్చారు, 2024లో 56 మాత్రమే. కాబట్టి ప్రిపరేషన్‌కి రెండేళ్లు అని ముందే గీత గీసుకోండి, రూమూ కోచింగూ కలిపి ఒక నాలుగు లక్షలు పక్కన పెట్టండి, ఈలోపు జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేయడం), రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ ఫొటోలు చదవడం), కొంచెం పైథాన్ కోడింగ్ నేర్చుకోమనండి, ఎగ్జామ్ పోయినా గ్రౌండ్ వాటర్ సర్వేలు, మైనింగ్, మ్యాపింగ్ కంపెనీల్లో పనికొస్తాయి.

ఫీల్డ్‌లో నెలల తరబడి ఉండాల్సిన ఉద్యోగం ఇది, అది అమ్మాయికి ఇష్టమేనా అని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి, ఇష్టమైతే మాత్రం ఆడపిల్ల కదా అని ఆపకండి.

అమెరికా కలని చంపమని కూడా నేను అనట్లేదు. అక్కడ జియాలజీ డిపార్ట్‌మెంట్లలో థీసిస్ ఎమ్మెస్ (రీసెర్చ్ చేసి రాసే ఎమ్మెస్), పీహెచ్‌డీ చేసేవాళ్లకి చాలామందికి అసిస్టెంట్‌షిప్ ఇస్తారు, అంటే క్లాసుల్లోనో రీసెర్చ్‌లోనో ప్రొఫెసర్‌కి సాయం చేస్తే ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్. ఇది కన్సల్టెన్సీల ద్వారా రాదు, ప్రొఫెసర్ల రీసెర్చ్ చదివి అమ్మాయే నేరుగా మెయిల్ రాయాలి, ఇక్కడ ఎమ్మెస్సీలో మంచి ప్రాజెక్ట్ చేసి ఉంటే జవాబు వచ్చే ఛాన్స్ చాలా పెరుగుతుంది. అలా ఫండింగ్ లెటర్ చేతికొస్తే విమానం టికెట్టుకీ మొదటి రెండు మూడు నెలల ఖర్చుకీ నాలుగైదు లక్షలు మీ పీఎఫ్‌లోంచి తీసివ్వండి, అప్పుడు నేనే పంపమంటాను. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఈ వారం కట్టకండి, ముందు జామ్ ఫామ్ నింపించండి.