ఎంఎస్‌ ఆపేసి టెక్నో సంగీతంలోకి వెళ్తానంటున్నాడు!

ప్రశ్న: మా అబ్బాయి మిషిగన్‌లో కంప్యూటర్‌ సైన్స్‌లో ఎంఎస్‌ చేస్తున్నాడు. ఇంకా రెండు సెమిస్టర్లున్నాయి. అక్కడి డెట్రాయిట్‌ నగరంలో పుట్టిన ఎలక్ట్రానిక్‌ డాన్స్‌ సంగీతం, టెక్నో మీద మనసు పడి, చదువు ఆపేసి ఆ ఊరి డీజే జెఫ్‌ మిల్స్‌లా అవుతానంటున్నాడు. శని, ఆదివారాలు క్లబ్బుల్లో డీజేగా డబ్బులొస్తాయట. ఇందులో బతుకుతెరువు ఉంటుందా? - ఓ తండ్రి, కరీంనగర్‌

జవాబు: ఉంటుంది. కానీ ముందు వీసా సంగతి చూడండి, అది ఆగేది కాదు. ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) మీదున్న విద్యార్థి క్లబ్బులో డబ్బు తీసుకుని ప్లే చేస్తే అది అనుమతి లేని ఉద్యోగమే. ఒక్క రాత్రయినా, చేతికి నగదే ఇచ్చినా అంతే. స్టేటస్‌ పోతుంది. పోస్టర్‌ మీది పేరు, తేదీ ఇంటర్నెట్‌లో ఉండిపోయి, రేపు హెచ్‌-1బీకి వెళ్లినప్పుడు అడ్డం తగలొచ్చు. ‘ఊరికే ప్లే చేస్తా’ అన్నా, మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పనైతే చిక్కే. ఒప్పుకునేముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి డీఎస్‌ఓను అడగమనండి. చదువు ఆపితే అమెరికాలో ఉండే ఆధారమే పోతుంది, దాంతోపాటు డెట్రాయిట్‌ కూడా. సెలవులకు హైదరాబాద్‌ వచ్చినప్పుడు మాత్రం ఇక్కడ నిక్షేపంగా డబ్బు తీసుకుని ప్లే చేయొచ్చు.

ఇక జెఫ్‌ మిల్స్‌. 1980లలో డెట్రాయిట్‌ రేడియోలో ‘ది విజర్డ్‌’ పేరుతో డీజే. మైక్‌ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్‌ రెసిస్టెన్స్‌ అనే టెక్నో బృందాన్ని మొదలుపెట్టాడు. 1992లో యాక్సిస్‌ అనే సొంత లేబుల్‌ (రికార్డులు విడుదల చేసే సంస్థ) పెట్టాడు. 2005లో ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్‌ ఆర్కెస్ట్రాతో కలిసి తన సంగీతం వినిపించాడు. రేడియో నుంచి అక్కడికి ఇరవై ఏళ్లు పట్టింది. ఆయనకన్నా ముందే వాన్‌ ఆట్కిన్స్‌ 1985లో మెట్రోప్లెక్స్‌ లేబుల్‌ పెట్టాడు, మరుసటేడు డెరిక్‌ మే ట్రాన్స్‌మాట్‌ లేబుల్‌ పెట్టాడు. మీ అబ్బాయి చూడాల్సింది ఇక్కడే. వాళ్లు ఒకరి దగ్గర డీజేలుగా కుదురుకోలేదు, మాస్టర్‌ రికార్డింగుల హక్కు చేజారకుండా లేబుళ్లు పెట్టుకున్నారు. 1988లో బ్రిటన్‌లో డెట్రాయిట్‌ టెక్నో సంకలనం వచ్చాక లండన్‌, బెర్లిన్‌ క్లబ్బులు పిలిచాయి. సొంత ఊళ్లోకన్నా అక్కడే ఎక్కువ గిరాకీ.

పాటకు రెండు హక్కులుంటాయి: బాణీది ఒకటి, రికార్డింగుది ఒకటి. అమెరికాలో బాణీ రాయల్టీ ఆస్కాప్‌ లేదా బీఎంఐ అనే వసూలు సంస్థల ద్వారా వస్తుంది, ఇంటర్నెట్‌ రేడియోలో రికార్డింగుకు వచ్చేది సౌండ్‌ఎక్స్‌ఛేంజ్‌ అనే సంస్థ ద్వారా. ఎఫ్‌ఎం స్టేషన్లు రికార్డింగు యజమానికి పైసా ఇవ్వవు. టెక్నోలో బాణీ, రికార్డింగు సాధారణంగా ఒకే మనిషివి, కాబట్టి రెండుచోట్లా నమోదు కావాలి. ప్రతి ట్రాక్‌కూ ఆ రికార్డింగును గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌ ఉండాలి. స్నేహితుడితో కలిసి చేస్తే, ఎవరి వాటా ఎంతో ఆ రోజే కాగితం మీద సంతకాలు కావాలి. పాట ఆడాక గుర్తుచేసుకుంటే స్నేహమూ పోతుంది, వాటా కూడా పోతుంది.

పనితనం ఎక్కడ తేలుతుందో చెబుతాను. వేగం నిమిషానికి 130 బీట్లు. శబ్దాలను వరుసగా పేర్చే పదహారు గళ్ల సీక్వెన్సర్‌లో 1, 5, 9, 13 గళ్లలో కిక్‌ (పెద్ద డ్రమ్‌ దెబ్బ), 3, 7, 11, 15లో ఓపెన్‌ హై-హ్యాట్‌ (తాళాల శబ్దం). ఇంతవరకూ ఐదు నిమిషాల పని. తర్వాత బేస్‌ (మంద్ర స్వరాలు) పెట్టగానే చిక్కు మొదలవుతుంది. కిక్‌, బేస్‌ రెండూ 50 నుంచి 100 హెర్ట్జ్‌ మధ్యే చోటు కోసం కొట్లాడతాయి. ఇయర్‌ఫోన్లలో బాగానే ఉంటుంది, క్లబ్బు సబ్‌వూఫర్లలో అంతా ముద్దవుతుంది. కిక్‌ తోక కత్తిరించి, బేస్‌ నోటును పక్క గడిలోకి జరపాలి, అదీ చాలకపోతే సైడ్‌చెయిన్‌, అంటే కిక్‌ పడినప్పుడల్లా బేస్‌ తగ్గేలా చేయడం. 100 హెర్ట్జ్‌ కింద అంతా మోనోలో (కుడి, ఎడమ స్పీకర్లలో ఒకేలా) ఉంచాలి. మాస్టరింగ్‌కు (విడుదలకు ముందు చేసే ఆఖరి మెరుగులకు) పంపేటప్పుడు మాస్టర్‌ మీది, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ తీసేసి, పీక్‌ మైనస్‌ 6 డెసిబెల్స్‌ దాటకుండా చూడాలి. మొదట్లోనూ చివర్లోనూ 32 బార్లపాటు (నాలుగేసి బీట్లకు ఒక బార్‌) డ్రమ్స్‌ మాత్రమే ఉంటే మంచిది. ఈ వేగంలో అది 59 సెకన్లు. ఆ నిమిషం లేకపోతే ఇంకో డీజే ఆ ట్రాక్‌ను తన సెట్‌లో కలుపుకోవడం కష్టం, తీసి పక్కన పెట్టేస్తాడు.

లక్షలు పోసి పాత రోలాండ్‌ టీఆర్‌-909 కొనిపెట్టమంటే కొనకండి. అది 1983లో వచ్చి కొద్దికాలానికే ఆగిపోయిన డ్రమ్‌ మెషిన్‌, దాని శబ్దాలు సాఫ్ట్‌వేర్‌లోనే దొరుకుతాయి. ల్యాప్‌టాప్‌, ఆడియో ఇంటర్‌ఫేస్‌, మంచి హెడ్‌ఫోన్లు, స్టూడెంట్‌ ధరకు ఏబుల్టన్‌ లైవ్‌ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ చాలు.

రెండు సెమిస్టర్లూ పూర్తి చేయమనండి. డిజిటల్‌ సిగ్నల్‌ ప్రాసెసింగ్‌ కోర్సు ఉంటే తీసుకోమనండి. సింథసైజర్లు, ప్లగిన్లు రాసే కంపెనీల్లో ఆ చదువే పనికొస్తుంది, ఓపీటీకి (చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతికి) డిగ్రీకి తగ్గ ఉద్యోగమూ అవుతుంది. డీజే పని అలా కాదు. పైగా ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. సైన్స్‌, టెక్నాలజీ డిగ్రీలకిచ్చే స్టెమ్‌ పొడిగింపుతో మూడేళ్లు చేతిలో ఉంటాయి. నెలకో ట్రాక్‌ పూర్తి చేసి, ఏడాదికి పన్నెండింటిలో మూడే ఏరి, అలాంటి సంగీతమే వేసే లేబుళ్లకు ప్రైవేట్‌ లింక్‌గా పంపాలి, ఫైళ్లు అటాచ్‌ చేయకూడదు. ట్రాక్‌ విడుదల చేసి డబ్బు తీసుకునేముందు ఇమిగ్రేషన్‌ లాయర్‌ని ఒకసారి కలవాలి. ముందుముందు కళాకారుల ఓ-1బీ వీసాకు వెళ్లాలంటే పత్రికల్లో వచ్చిన రాతలు, ఒప్పందాలు, పోస్టర్లు సాక్ష్యాలవుతాయి. హైదరాబాద్‌లో చేసిన కార్యక్రమాలవి కూడా ఇప్పట్నుంచే ఫైలు చేయమనండి.

ఇంకొకటి, మీరే కొనిపెట్టండి: సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్‌ ఇయర్‌ప్లగ్స్‌. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్‌ లెక్కలో 100 డెసిబెల్స్‌ దగ్గర రోజుకు 15 నిమిషాలే హద్దు. క్లబ్బులో ఒక్కో సెట్‌ రెండు గంటలు.