ఎరుపూ నలుపూ పట్టీల జెర్రిని ఇంట్లో పెంచుకోవచ్చా?

విజయనగరం నుంచి ఒక తమ్ముడు ఇక్కడ ఒక ప్రశ్న అడిగాడు. వానలకి వాళ్ళ పెరట్లో ఎరుపూ నలుపూ పట్టీల జెర్రి కనబడిందట. బయటి దేశాల్లో వీటిని గాజు పెట్టెల్లో సాకుతుంటే వీడియోల్లో చూశాడట. మనమూ పెంచుకోవచ్చా, కరుస్తుందా, ఏం తింటుంది అని అడుగుతున్నాడు. నాకంటే ముందు ముగ్గురు జవాబు రాశారు. ఇద్దరు చెప్పుతో కొట్టమన్నారు. మూడో ఆయన శతపాది అంటే ఏమిటో ఏడో తరగతి పాఠంలా అప్పజెప్పాడు. ముగ్గురిలో ఒక్కరూ జెర్రిని పెంచిన మొహాలు కావు. నేను పెంచాను. ఎనిమిది నెలలు, జంతికల డబ్బాలో.

మాది ఉద్దానం, మందస దగ్గర పల్లె. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటుతుంటే మేమంతా వంటింటి గోడకి ఆనుకుని కూర్చున్నాం. తెల్లారి తోటకెళ్దామంటే దారి లేదు. తాత నాటిన కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడున్నాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. తర్వాత లెక్కలు రాసుకోడానికి వచ్చినవాళ్ళు చెట్టుకి ఇంత అని రాసుకుపోయారు. సరే, చెట్టుకి కట్టారు, మొక్క నాటి మళ్ళీ కాయ చూసేదాకా పట్టే ఏళ్ళకి ఎవరు కడతారు? ఆ గోడు మొదలెడితే జెర్రి దాకా రాలేను, వదిలేస్తున్నా.

పడ్డ మానులు వానకి నాని, బెరడు కింద మెత్తబడ్డాయి. జెర్రికి అంతకంటే మేడ ఉండదు. చీకటి, తడి, బొద్దింకలు. పదిహేను రోజుల తర్వాత దుంగలు కోయించి పక్కకి దొర్లిస్తుంటే మా పెదనాన్న "ఓర్నాయనో, కుట్టీసింది రా" అని చెయ్యి విదిలించాడు. చూస్తుండగానే చూపుడు వేలు లేత వంకాయలా ఉబ్బింది. ఒకడు సున్నం తెచ్చాడు, ఒకడు ఉల్లిపాయ నలిపాడు, ఒకడు మంత్రం వేసే ముసలాయన కోసం సైకిలెక్కాడు. పెద్దమ్మ ఎవరి మాటా వినకుండా చెయ్యి పట్టేంత వేడినీళ్ళు గిన్నెలో పోసి వేలు ముంచి కూర్చోబెట్టింది. నొప్పి తగ్గింది కూడా ఆ నీళ్ళకే. ఒళ్ళు కాల్చుకునేంత వేడి అక్కర్లేదు. చిన్నపిల్లలకైనా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా మాత్రం గిన్నె పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంకోటి, జెర్రి కుట్టదు. తోకతో కుట్టేది తేలు. జెర్రికి తల కింద మొదటి జత కాళ్ళే కోరల్లా మారి ఉంటాయి, విషం వాటిలోంచి వస్తుంది. తోక వైపు పొడుగ్గా కనబడే జత కాళ్ళు చూసి అందరూ అటే భయపడి ఇటు చెయ్యి పెడతారు. పెదనాన్న చేసింది అదే.

అందరూ పెదనాన్న చుట్టూ మూగితే నేను దుంగ దగ్గరే ఉండిపోయాను. అది పారిపోలేదు. బెరడు అంచున సగం బయటికి వచ్చి ఆగింది. మా జిల్లాలో మామూలుగా కనబడేవి గోధుమరంగువో, కాస్త ఆకుపచ్చ తిరిగినవో. ఇది అలా లేదు. తల నారింజ. తర్వాత ఒక కణుపు నారింజ, ఒక కణుపు నల్లగా, అలా తోక దాకా. నూనె రాసినట్టు నిగనిగ. మీసాలు రెండూ ఆపకుండా ఆడుతున్నాయి, గుడ్డివాడు కర్రతో దారి తడుముకున్నట్టు. నా జానెడు చెయ్యికి కాస్త తక్కువ. గునపం ఎత్తినవాణ్ణి ఆపి, దాని మీద బకెట్టు బోర్లించాను. అందరూ నన్నే తిట్టారు. ఇంట్లో ఖాళీగా ఉన్నది జంతికల డబ్బా ఒక్కటే.

తర్వాత పోల్చి చూసుకుంటే అది స్కోలోపెండ్రా హార్డ్‌విక్కీ. 1844లో న్యూపోర్ట్ అనే ఇంగ్లీషాయన పెట్టిన పేరు. మన దేశంలోనూ శ్రీలంకలోనూ ఉండే జాతి. పెంచేవాళ్ళు టైగర్ సెంటిపీడ్ అంటారు. మా ఊళ్ళో దీనికి వేరే పేరే లేదు, అన్నీ జెర్రులే, అన్నిటికీ ఒకటే చెప్పు. పైగా రోకలిబండ పురుగుని కూడా జెర్రి అనేసి చంపుతారు. రోకలిబండ ముట్టుకుంటే చుట్ట చుట్టుకునే అమాయకురాలు, కుళ్ళిన ఆకులు తిని బతుకుతుంది. ఒక యూట్యూబ్ పెద్దమనిషైతే రోకలిబండని అరచేతిలో పెట్టుకుని "చూడండి, జెర్రికి నేను భయపడను" అంటున్నాడు. లక్షమంది చూశారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జెర్రుల పుట్టుపూర్వోత్తరాల మీద పనిచేసే శాస్త్రవేత్తలున్నారు, వాళ్ళని అడిగినవాడు లేడు.

పెంపకం గురించి అడిగావు కాబట్టి ఆ ముక్క కూడా చెప్పేస్తా. డబ్బాలో నాలుగంగుళాలు కొబ్బరి పొట్టు పోశాను. ఉద్దానంలో ఊరికే పారబోసే పొట్టుని ఇటుకలా నొక్కి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొన్నవాడికి దణ్ణం. ఒక పక్క తడి, ఒక పక్క పొడి. జెర్రికి ఊపిరి తీసుకునే రంధ్రాలు ఒంటి పక్కల ఉంటాయి, వాటిని మూసుకోవడం దానికి చేతకాదు, అందుకని గాలి పొడిగా ఉంటే ఒంట్లో నీరు ఆవిరైపోయి ఎండిపోతుంది. పైన జీడి బెరడు ముక్క ఒకటి, సీసా మూతలో నీళ్ళు. మూతకి కాల్చిన సూదితో బెజ్జాలు పొడిచి, పైన ఇటుకరాయి. అది తోక మీద నిలబడి అందినంత మేర తడుముతుంది, సందు దొరికితే సరి, తెల్లారేసరికి ఉండదు. వారానికో బొద్దింక, పట్టకారుతో. మందు కొట్టిన ఇంట్లో బొద్దింకని మాత్రం వెయ్యకు, దాంతోపాటు ఇదీ పోతుంది. ఒక డబ్బాకి ఒకటే, రెండో దాన్ని వేస్తే మొదటిది తింటుంది. చేత్తో ముట్టుకోవడం అనేది లేనే లేదు. కాళ్ళు నేను లెక్కపెట్టాను, 21 జతలు. వంద కాళ్ళని మనకి చదివించిన మాస్టారు ఒక్కటైనా లెక్కపెట్టి ఉండడు. ఇంకోమాట, పట్టుకోవాలని అభయారణ్యంలోకి మాత్రం వెళ్ళకు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కణ్ణుంచి ఏ ప్రాణినీ తేకూడదు, పురుగైనా సరే.

ఇక మా అమ్మ. మొదటిరోజే "ఏట్రా ఇది, కోళ్ళు లేవా, కుక్కలు లేవా, జెర్రిని తెచ్చి ఇంట్లో పెట్టీసేవు" అంది. చెవిలో దూరుతుందని ఆర్నెల్లు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. ఆడో మగో నాకే తెలీదు, వాటిని పైకి చూసి చెప్పడం తేలిక కాదు. అమ్మ మాత్రం మొదట్నుంచీ వెటకారంగా "మహాతల్లి" అనేది. "మహాతల్లికి భోజనం అయిందా?" అని.

2019 మే నెలలో అది బొద్దింకని ముట్టడం మానేసింది. రెండు వారాలు. చచ్చిందేమో అని రాత్రి ఎర్ర కాగితం చుట్టిన టార్చితో డబ్బా పక్కనుంచి చూశాను. బెరడు కింద గుంట తవ్వుకుని, గోడకి ఆనుకుని, చుట్ట చుట్టుకుని పడుకుంది. ఆ చుట్ట మధ్యలో, కాళ్ళన్నిటితో ఎత్తి పట్టుకుని, లేత పసుపు గుడ్లు. చిన్న ద్రాక్షగుత్తి అనుకో, ముప్పై దాకా ఉంటాయి. ఒక్కటి కూడా మట్టికి తగలకుండా పట్టుకుంది. మధ్యమధ్య తల వంచి నోటితో తుడుస్తోంది. బూజు పట్టకుండా అలా నాకుతూ ఉంటాయట. నేను తెచ్చేనాటికే మగదానితో కలిసి ఉంటుంది, ఆ విత్తనాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలవు.

అమ్మని పిలిచి చూపించాను. చూపించకపోయినా బాగుండేదేమో. చాలాసేపు వంగి చూసింది. "తిండి తినదేటి?" అంది. పిల్లలు తిరిగేదాకా తినదన్నాను. అంతే, మర్నాటినుంచి మా ఇంట్లో చట్టం మారిపోయింది. డబ్బా నా గదిలోంచి దేవుడి గది పక్క చీకటి మూలకి వెళ్ళింది. టీవీ సౌండు తగ్గింది. నాన్న అటువైపు మంచం జరిపితే "పచ్చి ఒళ్ళది, అదరగొట్టకండి" అంది. దూది కూడా మానేసింది, ఎందుకని నేనడగలేదు. పక్కింటి పిన్ని వచ్చి ఆ మూల ఏటి అంటే "బాలింతరాలు" అని చెప్పి పంపేసింది. పిన్ని రెండు రోజులు ఊళ్ళో ఏం చెప్పుకుందో దేవుడికే తెలియాలి.

జూన్‌లో బడులు తెరిచే ముందు మా అప్పనీ పిల్లల్నీ తీసుకెళ్ళడానికి బావ వచ్చాడు. బావ మంచివాడే. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతిలో కొత్త ఫోను. రాత్రి భోజనాల దగ్గర పిల్లలు జెర్రి గుడ్ల సంగతి చెప్పేశారు. "ఒక్కసారి చూద్దాం రా" అన్నాడు. నేను వద్దన్నాను. అమ్మ కూడా, అల్లుడితో గట్టిగా అనలేదు కదా, "రేపు చూద్దురుగాని బాబూ, పడుకోండి" అని సర్దింది. మేం పడుకున్నాక ఆయన లేచాడు. ఇటుకరాయి తీసి, మూత తీసి, పట్టకారుతో బెరడు ఎత్తి, ఫోను లైటు ముఖమ్మీద కొట్టి వీడియో తీశాడు. తీసినవాడు మళ్ళీ అన్నీ నీటుగా సర్దాడు, అందుకని రాత్రి ఎవరికీ తెలీలేదు.

పొద్దున్న డబ్బా దగ్గరకి ముందు అమ్మే వెళ్ళింది. జెర్రి పొడి మట్టి మీద నిటారుగా, మీసాలు ఆడిస్తూ తిరుగుతోంది. గుడ్లు లేవు. బెదిరితే తల్లే తినేస్తుంది, అది దాని తత్వం. అమ్మ నావైపు తిరిగి "తినీసింది రా" అంది. ఇంకేం అనలేదు. బావ పళ్ళు తోముకుంటూ "అత్తయ్యా, ఎంత బాగా వచ్చిందో చూడండి" అని ఫోను చాపాడు. అల్లుణ్ణి ఏమీ అనకూడదు. ఆ కోపం అంతా నా మీద, నాన్న మీద, పాలవాడి మీద తీరింది. బావకి మాత్రం ఆ పూట పీతల కూర వండలేదు. ఆ పీతల కోసమే సెలవు పొడిగించుకున్న మనిషి ఆయన.

కాబట్టి తమ్ముడూ, పెంచుకోవచ్చా అంటే పెంచుకోవచ్చు, కష్టమేం కాదు. కానీ రంగు చూసి ముచ్చటపడ్డావు చూడు, అక్కడే తేడా కొడుతుంది. ఆ రంగు నీకు కనబడేది నెలలో నాలుగు రాత్రులు. మిగతా రోజులన్నీ నువ్వు కొబ్బరి పొట్టుని పెంచుతున్నట్టే. నిన్ను గుర్తుపట్టదు, నీ చేతికి అలవాటు పడదు. చూసినవాళ్ళకి చూపించాలని ఉంటే రంగు చేపలు కొనుక్కో, లైటు వేసినా ఏమీ అనుకోవు. జెర్రిని పెంచినవాళ్ళలో నూటికి తొంభైమంది ఫోను కోసమే పెంచుతారని నా నమ్మకం, ఎవరేం అన్నా మార్చుకోను. ఇప్పుడు నీ పెరట్లో ఉంది కదా, అక్కడ రాళ్ళగుట్ట ఉంటే కదపకుండా ఉంచు, చెప్పులు దులిపి తొడుక్కో. అది అక్కడే ఉంటుంది, బొద్దింకలు కూడా తగ్గుతాయి.

మొదటి వాన పడ్డ రాత్రి దాన్ని తోటలో కూలిన జీడి మొద్దు దగ్గర వదిలాను. అమ్మ లాంతరు పట్టుకుని వెంట వచ్చింది. డబ్బా పక్కకి వాల్చగానే ఒక్క క్షణం ఆగి, మొద్దు కింద నల్లటి సందులోకి పోయింది. తోక కాళ్ళు చివర మాయమయ్యాయి. డబ్బా ఎన్ని బూడిదలతో తోమినా అమ్మ మళ్ళీ జంతికలకి వాడనివ్వలేదు. ఇప్పుడు నాన్న అందులో మేకులు పోసుకుంటున్నాడు.