రాత్రి పెడితే పొద్దునకి మరక: ట్రాక్టర్ విడగొట్టాల్సిందేనా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది తణుకు దగ్గర పల్లె. నాన్నగారు 2003లో కొన్న 35 హార్స్‌పవర్ ట్రాక్టరే ఇంకా నడుపుతున్నాం. సార్వా దమ్ములు అయినప్పటి నుంచి ఇంజిన్ ఆయిల్ కారుతోంది, పొద్దున్నే చూస్తే కింద చేటంత మరక. రెండు రోజులకోసారి అరలీటరు పోస్తున్నాను. ఇంజిన్ వెనక ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీల్ పోయింది, ట్రాక్టర్‌ని రెండుగా విడగొట్టాలి అంటున్నాడు మెకానిక్. దాళ్వా ముందు ఇంత ఖర్చు పెట్టాలా, పోసుకుంటూ నడిపేయొచ్చా?

జవాబు: విడగొట్టే మాట తర్వాత, ముందు ఒక పూట కేటాయించి కడగండి. ఇరవై ఏళ్ల జిడ్డు మీద బురద పట్టి ఉన్న ఇంజిన్‌కి ఎక్కడ కారుతోందో దేవుడికి కూడా తెలియదు. డీజిల్, బ్రష్షు పెట్టి రుద్ది, బట్టతో తుడిచి, ఆరాక ముఖానికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లండి (మా ఇంట్లో డబ్బాలు ఇలాగే ఖాళీ అయ్యేవి; ముగ్గు మాత్రం వద్దు, గరుకు). పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచి, టార్చి వేసి చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాన్ గాలికి వెనక్కి పోతుంది, కాబట్టి బొట్టు పడే చోటు కాదు, అన్నిటికంటే పైన, ముందు వైపు ఎక్కడ పౌడర్ తడిసిందో అదే చూడాలి. నేను కొత్తలో ఒక బండికి చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ తొట్టి) ప్యాకింగ్ రెండుసార్లు మార్చాను, తీరా చూస్తే కారేది పైనున్న ట్యాపెట్ కవర్ దగ్గర. దాని బోల్టులు ఎవరో బలంకొద్దీ బిగిస్తే కార్కు ప్యాకింగ్ చీలిపోయింది.

మీ ఉత్తరంలో నాకు పట్టుకున్న ముక్క "దమ్ములు అయినప్పటి నుంచి" అన్నది. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు చాలా బండ్లకు కిందికి వేలాడుతూ ఉంటుంది. దాని మూతికి బురద పట్టి ఎండిందంటే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీల్ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని నెట్టేస్తుంది. పైపు ఊడదీసి తీగ పెట్టి గుచ్చండి, డీజిల్‌తో కడగండి. ఒకసారి మా షెడ్డుకొచ్చిన బండి పైపులో కందిరీగ మట్టి గూడు దొరికింది, గోలీ అంత! అది తీసేశాక కారడం ఆగిపోయింది.

బ్రీదర్ శుభ్రంగా ఉండి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత వదులు చేస్తే పొగ బుసబుసా తన్నుకొస్తుంటే పిస్టన్ రింగులు, పిస్టన్ ఆడే లైనర్లు అరిగినట్టే. అప్పుడు కొత్త సీల్ వేసినా నిలవదు.

మెకానిక్ మాట నిజమో కాదో కూడా మీరే చూడొచ్చు. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, చాలా బండ్లకు స్ప్లిట్ పిన్ వేలాడుతుంది. అందులోంచి నల్లగా పల్చగా బొట్లు పడితే వెనక సీలే. తేనెలా చిక్కగా, ఘాటు వాసనతో వస్తే అది గేర్ ఆయిల్, సీల్ వేరు. రంధ్రం పొడిగా ఉంటే విడగొట్టనివ్వకండి.

వెనక సీలే అని తేలినా కంగారు లేదు. రోజూ పొద్దున్నే ఆయిల్ మట్టం చూపే గేజి పుల్ల చూస్తూ, పై గీత దాటకుండా పోస్తూ దాళ్వా లాగేయొచ్చు, కానీ బరువు మీద క్లచ్ జారడం మొదలైతే ప్లేటుకి ఆయిల్ తగిలినట్టు, ఇక ఆపేయాలి. విడగొట్టిన రోజు క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా చూపించండి, కూలి ఒక్కసారే పోతుంది.

ప్రశ్న: ఇంజిన్‌లో 90 నంబరు గేర్ ఆయిల్ కలిపితే కారడం తగ్గుతుందట, నిజమేనా?

జవాబు: వద్దండీ. చలి పొద్దున స్టార్ట్ చేస్తే ఆ చిక్కటి ఆయిల్ బేరింగులకు చేరేసరికి ఆలస్యమవుతుంది, సీల్ ఖర్చు మిగిలి క్రాంక్ ఖర్చు నెత్తిన పడుతుంది. పోయకుండానే గేజి పుల్ల మీద మట్టం పెరుగుతుంటే మాత్రం ఆ బండి స్టార్ట్ చేయకండి, ఆయిల్‌లో డీజిలో నీళ్లో కలుస్తున్నాయి.