చలికాలంలో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్తే తోడేళ్లు నిజంగా కనిపిస్తాయా? పిల్లలతో వెళ్లొచ్చా?

కనిపిస్తాయండి, కానీ ఓపిక ఉండాలి. మేం సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం, ఫిబ్రవరిలో రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి మూడు రోజులు తిరిగినా బైసన్లు (అడవి దున్నల్లాంటివి), కాకులు తప్ప ఏమీ కనపడలేదు, రెండోసారి ఒకే పొద్దున పదకొండు తోడేళ్లు. జూలో చూసినట్టు ఉంటుందనుకోకండి. మైలు దూరంలో, మంచు మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు, అంతే.

చలికాలంలో మామూలు కార్లకు తెరిచి ఉంచే రోడ్డు ఒక్కటే, పార్కు ఉత్తర ద్వారం దగ్గరి గార్డినర్ ఊరి నుంచి లామార్ లోయ మీదుగా కుక్ సిటీ అనే ఊరి దాకా. మంచు పెరిగితే ఎల్క్‌లు (మన కణుజుల్లాంటివే, ఇంకా పెద్దవి) కొండ దిగి ఆ లోయలోకే వస్తాయి, వాటి వెనకే తోడేళ్లూ వస్తాయి. పైగా ఫిబ్రవరి జతకట్టే కాలం, ఊళలు బాగా వినిపిస్తాయి.

బైనాక్యులర్స్‌తో పని జరగదు, స్పాటింగ్ స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే చిన్న టెలిస్కోప్) కావాలి. లేకపోతే రోడ్డు పక్కన ట్రైపాడ్లు వేసుకుని నిలబడ్డవాళ్ల దగ్గర ఆగండి. ఒక పెద్దావిడ అడక్కుండానే తన స్కోప్‌ని మా ఏడేళ్ల పాప ఎత్తుకి దించి పెట్టింది. ఆ రోజు మైనస్ 27. మా ఆవిడ కనురెప్పలు అతుక్కుపోతున్నాయి, నా ఫోన్ బ్యాటరీ అరవై శాతం నుంచి నేరుగా సున్నాకి పడిపోయింది, పాప మాత్రం "నాన్నా, నల్లది వెల్లకిలా పడి దొర్లుతోంది" అంటూ స్కోప్ వదలదు. అంతలో ఒకటి ఊళ ఎత్తుకుంది, అవతలి కొండ మీంచి ఇంకొకటి అందుకుంది, అక్కడున్న ఇరవై మందిలో ఒక్కరూ కదల్లేదు.

నా మనసులో ఉండిపోయింది మాత్రం ఆ మధ్యాహ్నం జరిగింది. గుంపంతా రోడ్డు దాటేసింది, ఒక బూడిద రంగుది ఇవతలే ఉండిపోయింది. రెండు వైపులా కార్లు. అది రోడ్డు దాకా రావడం, వెనక్కి పోవడం, ఇలా మూడుసార్లు. ఒకాయన ఎస్‌యూవీ దిగి, ఫోటో కోసం ఈల వేశాడు. వంద గజాల దూరం ఉండాలన్నది అక్కడి రూలు, ఆయన ముప్ఫై గజాల్లో ఉన్నాడు. అది పారిపోలేదు. ఆగి, తీరిగ్గా ఆయన వైపు చూసింది. నాకు భయం వేసింది అక్కడే, ఎందుకంటే పార్కు సరిహద్దు దాటితే వేట లీగలే. పార్కు పక్కనున్న మోంటానా రాష్ట్రంలో సెప్టెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా సీజన్. మనిషి అంటే ఫోటో తీసేవాడు అని మనమే దానికి నేర్పించాం, రైఫిల్ పట్టుకున్నవాడి ముందూ అది అలాగే ఆగి చూస్తుంది.

ఇది ఊహ కాదు. ఓ-సిక్స్ అని, లామార్‌లో వేలమంది చూసిన ఆడ తోడేలుని 2012 డిసెంబరులో వ్యోమింగ్ రాష్ట్రంలో పార్కు బయట కాల్చేశారు. దాని కూతురు 926ఎఫ్ (పరిశోధకులు పెట్టిన నంబరు) ది కూడా అదే గతి, 2018లో కుక్ సిటీ దగ్గర. మోంటానా 2021లో పార్కు అంచున ఎన్నిటిని వేటాడొచ్చన్న కోటాలు ఎత్తేసింది, ఆ ఒక్క చలికాలంలోనే పార్కు గుంపుల్లోవి 25 పోయాయి, దాదాపు ఐదో వంతు. ముఖ్యమైన ఆడదో మగదో పోతే కొన్నిసార్లు గుంపే చెదిరిపోతుంది. 1926 నాటికి అక్కడ ఒక్కటీ లేకుండా చేసి, 1995, 96లో కెనడా నుంచి 31 తెచ్చి వదిలి, ఇప్పుడు గీత దాటితే కాల్చడం ఏం లెక్కో నాకర్థం కాదు. తోడేళ్లొచ్చి నదుల దారి మార్చేశాయన్న వీడియోలు నేను పెద్దగా నమ్మను, అంత సింపుల్ కాదు. అయినా పార్కు చుట్టూ కొన్ని మైళ్లు వేట లేకుండా ఉంచాలన్నది నా గట్టి అభిప్రాయం.

పశువులు పెంచేవాళ్ల బాధ తెలియక అనడం లేదు. మా తాతది అనంతపురం వైపు, గొర్రెలు కాసేవాడు. తోడేలు గొర్రెపిల్లని ఎత్తుకుపోతే ఆ రోజంతా తిట్టేవాడు, రాత్రికి "దాని వాటా అది పట్టుకుపోయింది" అనేవాడు. నష్టం కట్టివ్వాలి, కాదనను. కానీ ఓ-సిక్స్ ఎవరి దొడ్లోనూ పడలేదు.

వెళ్లేటట్టయితే గార్డినర్‌లో రూమ్ తీసుకుని తెల్లవారకముందే బయల్దేరండి. పులిహోరో చపాతీలో కారులోనే తినండి, అరటి తొక్క కూడా బయట వేయొద్దు. తోడేలు రోడ్డు వైపు వస్తుంటే కారు వెనక్కి తీసి దారివ్వండి, ఫోటో పోతే పోయింది. పిల్లలకి గ్లోవ్స్ రెండు జతలు పెట్టండి, మొదటి జత పది నిమిషాల్లో తడిపేస్తారు.