నెల్లూరులో 1,400 చదరపు అడుగుల షాపులో 60 సీట్ల హోటల్ పడుతుందా?

మీరు అడిగింది ఇదీ: మినీ బైపాస్ మీద 1,400 చదరపు అడుగుల షాపు చూశారు. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం మీల్స్, చేపల పులుసు పెట్టాలనుకుంటున్నారు. 60 సీట్లు పడతాయా అని. పడవు. 40 పడతాయి. పైన ఒక గది కూడా దొరికితే 52 దాకా లాగొచ్చు. ఎలాగో లెక్కతో సహా రాస్తున్నాను, అంకెలు మీ మెనూకి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఆ 1,400 ఏమిటో తేల్చుకోండి. మన నెల్లూరులో స్థలం అంకణాల్లో చెప్తారు, ఒంగోలు వైపు గజాల్లో. గజం అంటే 9 చదరపు అడుగులు, అందులో పేచీ లేదు. అంకణం మాత్రం కొన్నిచోట్ల 36, కొన్నిచోట్ల 72 చదరపు అడుగులు. అందుకని అగ్రిమెంటులో చదరపు అడుగుల్లోనే రాయించుకోండి. ఓనరు చెప్పే అంకెలో గోడల మందం, మెట్ల వాటా, ముందు వరండా అన్నీ కలిసుంటాయి. టేపు పట్టి గోడ లోపలి నుంచి గోడ లోపలికి కొలిస్తే 1,150 దగ్గర తేలే అవకాశమే ఎక్కువ. మనకు పనికొచ్చేది అదే.

చాలామంది మొదట సీట్లు పరిచేసి, మిగిలిన మూలలో వంటిల్లు ఇరికిస్తారు. అక్కడే దెబ్బ తింటారు. మెనూని బట్టి వంటిల్లు ముందు తేలాలి, మిగిలిందే హాలు.

మీ మెనూకి పొయ్యిల వరస ఇలా వస్తుంది. దోసె పెనం 4 అడుగులు, మూడు బర్నర్ల పొయ్యి 6 అడుగులు, అన్నం గుండిగకీ పులుసు డేగిశాకీ నేలబారు పొయ్యిలు రెండు కలిపి 5 అడుగులు, ఇడ్లీ పాత్ర రెండున్నర. మొత్తం పదిహేడున్నర. దించిన గిన్నె పెట్టుకోవడానికి ఒకటిన్నర కలిపితే 19 అడుగులు. పొయ్యి లోతు రెండున్నర, వెనక గ్యాసు పైపుకీ కడగడానికీ అర అడుగు, వంట మాస్టర్ నిలబడి తిరగడానికి 4 అడుగులు, ఎదురుగా స్టీలు బల్ల రెండున్నర. అంటే వెడల్పు తొమ్మిదిన్నర. 19ని తొమ్మిదిన్నరతో గుణిస్తే 180 చదరపు అడుగులు. కింది జాగాల అంకెలన్నీ చదరపు అడుగులే. ఆ 4 అడుగుల సందుని మూడుకి తగ్గించకండి. ఒకడు మరిగే గుండిగ దించుతుంటే వెనక ఇంకొకడు దాటలేడు, కాలిన చేతులన్నీ ఆ ఒక్క అడుగు దగ్గరే.

గ్రైండరు, కూరగాయల కోతకి 60. చేపలు, మాంసం కడిగే చోటు విడిగా 40. దీన్ని కూరగాయల బల్ల పక్కన పెట్టొద్దు, నీళ్లు చిందుతాయి, నీచువాసన పచ్చడిదాకా పోతుంది. గిన్నెలు కడగడానికి 80: ప్లేట్లకు మూడు తొట్ల సింకు, గుండిగలకు నేల మీద 4 అడుగుల చదరపు గుంట, చుట్టూ 9 అంగుళాల గట్టు. గుండిగని సింకులోకి ఎత్తి కడగడం ఎవరి వల్లా కాదు. కింద గట్టు కట్టకపోతే వంటిల్లంతా తడే. నేల వాలు 8 అడుగులకి ఒక అంగుళం ఉండాలి. సింకు నీళ్లు, గుంట నీళ్లు జిడ్డు తొట్టి (జిడ్డుని ఆపి నీళ్లని వదిలే తొట్టి) గుండా పోయాకే బయటి కాలవలో కలవాలి. లేకపోతే కొన్ని నెలల్లో పైపు పూడుకుంటుంది.

స్టోరుకి 70. ఎక్కువనిపిస్తుంది, కాదు. పార్సిళ్లు కూడా కలిపి 200 మీల్స్ అనుకుంటే, మనిషికి 150 నుంచి 175 గ్రాముల లెక్కన రోజుకి 30, 35 కిలోల బియ్యం. వారానికి 25 కిలోల బస్తాలు పది. నేల మీద నుంచి అర అడుగు ఎత్తులో చెక్కల మీద పేర్చాలి, గోడకి ఆనకూడదు. ఫ్రిజ్, ఫ్రీజరుకి 30, తలుపు తెరుచుకునే జాగాతో కలిపి. వంటలు సర్వర్లకి అందించే చోటు 40, పనివాళ్లు బట్టలు మార్చుకునే చోటు 30. అన్నీ కూడితే 530.

బాత్రూములు రెండు, 40. పార్సిళ్లకీ, డెలివరీ కుర్రాళ్లు నిలబడడానికీ 50. ఈ 50 వదిలేస్తే వాళ్లు క్యాష్ కౌంటరు ముందే గుమిగూడతారు, తిని లేచినవాళ్లకి బయటికి దారుండదు. లోపలి అడ్డుగోడలకి 55. ఇప్పుడు 1,150లోంచి 530, 40, 50, 55 తీసేయండి. హాలుకి మిగిలింది 475.

ఇక సీటుకి ఎంత. క్యాష్ కౌంటరు, చేతులు కడిగే చోటు కలుపుకుని మీల్స్ హోటలుకి సీటుకి 12 చదరపు అడుగులు వేసుకోండి. కుటుంబాలు తీరిగ్గా కూర్చునే రకం అయితే 15. 475ని 12తో భాగిస్తే 40 సీట్లకి 5 చదరపు అడుగులే తక్కువ. పైన 250 అడుగుల గది దొరికి స్టోరు, కోత, బట్టల గది (70, 60, 30) అక్కడికి పోతే కింద 160 ఖాళీ అవుతుంది, 52 సీట్లు వస్తాయి. కాకపోతే ఆ గదికి నీళ్లు, మురుగు పైపు ఉండాలి, మెట్లు వంటిల్లు వైపు దిగాలి. పిండి తపేలా హాలు మధ్యలోంచి మోసుకురావలసి వస్తే ఆ గది వద్దు.

హాలు విస్తీర్ణం కంటే వెడల్పు ముఖ్యం. నలుగురి బల్ల 4 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. దాని కొసని గోడకి ఆనించి, రెండు గోడల పక్కనా వరసలు వేసి, మధ్యలో 4 అడుగుల దారి వదిలితే లోపలి వెడల్పు 12 అడుగులు చాలు. పొడవులో ప్రతి 6 అడుగులకీ 8 సీట్లు పడతాయి. 20 అడుగుల వెడల్పయితే మధ్యలో ఇంకో వరస పట్టి 12 సీట్లు పడతాయి. చిక్కల్లా 15, 16 అడుగుల షాపులతోనే. మధ్య వరసకి చాలదు, ఉన్న దారేమో అవసరానికి మించి పెద్దది. ఆరుగురి బల్లలు వేయొచ్చు గానీ, ముఖం తెలియని వాళ్లని దాటుకుని గోడవైపు సీటులోకి ఎవరూ వెళ్లరు, ఆ రెండు సీట్లు సగం రోజు ఖాళీగానే ఉంటాయి.

చేతులు కడిగే చోట పిసినారితనం వద్దు. మనం చేత్తో తింటాం. ఒకేసారి పదిమంది లేస్తారు. 20 సీట్లకి ఒక కుళాయి, దాని ముందు మూడున్నర అడుగులు ఖాళీ. బాత్రూము గుమ్మంలోనే కుళాయి పెడితే తింటున్నవాళ్ల బల్లల మధ్య వరస కడతారు.

అసలు మీకు 60 కావాలా? రద్దీ గంటలో ఎంతమంది వస్తారో దాన్ని బట్టి చూడండి. మీల్స్‌కి మనిషి 40 నిమిషాలు కూర్చుంటాడు. నలుగురి బల్ల మీద ముగ్గురే ఉండడం మామూలే, అందుకని సీట్లలో 80 శాతమే నిండుతాయని వేసుకోవాలి. 40 సీట్లు, గంటకి ఒకటిన్నర విడత, 80 శాతం: గంటకి 48 మంది. రెండున్నర గంటల రద్దీలో 120 మీల్స్. అంతకంటే ఎక్కువ కచ్చితంగా వస్తారనుకుంటేనే పెద్ద షాపు చూడండి. పొద్దున టిఫినుకి 20 నిమిషాలే కాబట్టి అవే సీట్లలో గంటకి 96 మంది పడతారు. అక్కడ అడ్డుపడేది పెనం. 4 అడుగులకి రెండున్నర పెనం మీద పెద్ద దోసెలు ఆరు, తుడిచి నీళ్లు చల్లడంతో కలిపి విడతకి 5 నిమిషాలు, గంటకి 72. కారం దోసె ఎర్రగా కాలాలంటే ఇంకాస్త పడుతుంది. సీట్లు పెంచే ముందు రెండో పెనానికి చోటుందా చూడండి.

నీళ్లకి సీటుకి రోజుకి 70 లీటర్లు. 40 సీట్లకి 2,800. ఘనపుటడుగుకి 28 లీటర్ల చొప్పున 5 అడుగుల పొడవు, 5 వెడల్పు, 4 లోతు సంపులో సరిగ్గా ఒక రోజువి పడతాయి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధయితే రెట్టింపు కట్టించండి. కనిగిరి, పొదిలి వైపు పెట్టేవాళ్లకి బోరు నీళ్లలో ఫ్లోరైడు సమస్య, ఆర్వో ప్లాంటుకీ దాని డ్రమ్ములకీ ఇంకో 30 అడుగులు కలుపుకోవాలి.

గ్యాసు లోపల వద్దు. 19 కిలోల సిలిండర్లు 5 అంటే 95 కిలోలు. 100 దాటితే నిల్వకి విడిగా లైసెన్సు కావాలి, కాబట్టి 5 దగ్గర ఆగండి. బయట గోడ పక్కన 6 అడుగులకి రెండున్నర, జాలీ తలుపుతో. సెల్లారులో అసలొద్దు, ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే కిందే పేరుకుంటుంది. సెల్లారుని బియ్యానికీ నమ్మకండి, కార్తీక మాసం వానలకి నీళ్లొస్తాయి.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది పొగ గొట్టం. 19 అడుగుల పొయ్యిల వరస మీద హుడ్డు (పొగ పట్టే రేకు కప్పు) ప్రతి వైపూ అర అడుగు బయటికి రావాలి. సుమారు 20 అడుగులకి మూడున్నర, అంటే 70 చదరపు అడుగులు. చదరపు అడుగుకి నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి చొప్పున 7,000 లాగాలి. అంత గాలికి 2 అడుగుల చదరపు గొట్టం డాబా పైదాకా పోవాలి. పోయిన గాలికి బదులు వంటింట్లోకి బయటి గాలి రావడానికి కిటికీయో ఫ్యానో లేకపోతే హాల్లో ఏసీ చల్లదనమంతా వంటిల్లే లాగేస్తుంది. పైఅంతస్తు వాళ్లు వాసన, చప్పుడు అని గొడవ పడితే ఓనరు గొట్టం తీయమంటాడు. ఏ గోడ మీదుగా పోతుందో, ఎంత వెడల్పో బొమ్మ గీసి అగ్రిమెంటుకి జత చేసి సంతకం పెట్టించండి. ఫుడ్ లైసెన్సుకి అప్లై చేసేటప్పుడు వంటిల్లు ప్లాను అడిగితే ఆ బొమ్మే పనికొస్తుంది.

పార్కింగు: టూవీలరుకి 20 చదరపు అడుగులు, తీసి పెట్టే దారి కలిపి 35. కారుకి తిప్పుకునే చోటుతో 250.

అడ్వాన్సు ఇచ్చే ముందు షాపు తాళం ఒక పూట అడగండి. ఖాళీ నేల మీద చాక్‌పీసుతో బల్లలు, పొయ్యిలు, సింకులు అసలు కొలతల్లో గీయండి. తెచ్చుకున్న ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురిని కూర్చోబెట్టి, ఒకరి చేతికి మీల్స్ ప్లేట్లు రెండిచ్చి వంటింటి గీత దగ్గర నుంచి చివరి బల్లదాకా నడిపించండి. మోచెయ్యి ఎవరి భుజానికి తగిలిందో ఆ సీటుని అక్కడికక్కడే చెరిపేయండి.