గోడల మీద బొమ్మలు వేస్తే జనం చెత్త వేయడం మానేస్తారా? మా కాలనీ గోడ మీద ఏం వేయిస్తే బాగుంటుంది?

మానేస్తారు. కానీ చీపురు పట్టుకున్న పాప, పక్కన పచ్చటి చెట్టు, కింద ఒక స్లోగన్ వేయిస్తే మాత్రం మానరు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైనప్పటి నుంచి ఏ ఊరికి పోయినా అదే పాప. దేవుళ్ల టైల్స్ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. టైల్స్ ఉన్నంత మేర గోడ పొడిగా ఉంటుంది, రెండడుగులు జరిగి పని కానిస్తారు.

మాది కర్నూలు పాతబస్తీ. మా సందు చివర మురుగు కాలువ, దాని పక్క గోడ కింద ఎప్పుడూ కవర్ల కుప్ప. ఆ కాలువ హంద్రీలోకి, హంద్రీ తుంగభద్రలోకి. డ్రాయింగ్ నేర్చుకుంటున్న మా వీధి పిల్లోడొకడు ఆ గోడ మీద 2009 అక్టోబరు వరద వేశాడు. మనిషి ఎత్తుకు పైన నీలం గీత, కింద చేపలు, ఒక్కో చేప నోట్లో ఒక ఖాళీ పాల ప్యాకెట్. రంగు ఆరకముందే ఎదురింటి అవ్వ దిగొచ్చింది. రోజూ పొద్దున కవరు ముడేసి, మిద్దె మీద నుంచి గురి చూసి అక్కడికే విసిరే మనిషి.

"ఒరే అబ్బీ, గీత తప్పురా. నీళ్లు ఆ కిటికీ పైదాకా వచ్చినాయి. మా బియ్యం డబ్బా తేలుకుంటా పోయింది" అంది.

పక్కింటాయన అంతెత్తు రాలేదన్నాడు. "నువ్వు ఆ పొద్దు మీ అత్తగారింట్లో ఉంటివి, నీకేం తెలుసు?" అని నోరు మూయించింది. వీధంతా పోగైంది. చివరికి పిల్లోడు నిచ్చెన తెచ్చి గీతను జానెడు పైకి జరిపాడు. అప్పటి నుంచి అది అవ్వ గోడ. ఎవరైనా కవరు తెస్తే మిద్దె మీద నుంచే తిట్లు అందుకుంటుంది. అవి ఇక్కడ రాయలేను.

చెత్తంతా మాయమైందని అనను. కొంత బండికి పోతోంది, కొంత పక్క సందు మూలకు చేరింది. బండి వచ్చే టైముకే పనికి పోయేవాళ్లు ఏం చేస్తారు? ఒక డబ్బా పెట్టించకుండా బొమ్మలకు డబ్బులు పెట్టడం నాకు అర్థం కాదు.

కెనడాలో 1991 నుంచి వాననీటి కాలువల దగ్గర పసుపు చేప బొమ్మ వేస్తున్నారు, ఇక్కడ పారబోసింది చేపలుండే నీళ్లలోకే పోతుందని. మన కాలువలకు మూతలే ఉండవు, చేపను ఎక్కడ వేస్తాం?

అందుకే డిజైన్ కోసం నెట్‌లో వెతక్కండి. మీ కాలనీ ముసలోళ్లు దేని గురించి గొడవ పడతారో కనుక్కుని అది వేయించండి. మొన్న ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి మా చేపల మీద కట్టారు. అవ్వ మనవడి చేత ఫ్లెక్సీలో ఉన్నాయనకే ఫోన్ చేయించి విప్పించింది.